నవ్వే అక్షరాల బోర్డు

జయశ్రీ పల్లిపొడి డబ్బాల మీద చేత్తో రాసి అంటించే చీటీలు చూసి ఫ్లెక్సీ షాపు ఫహీమ్ ముచ్చటపడ్డాడు. "వదినా, నీ అక్షరాలు మనిషిని కూసోబెట్టి చాయ్ ఇచ్చినట్టున్నయ్. వీటితోటి కంప్యూటర్ల ఫాంటు చేస్త" అన్నాడు. వనపర్తికి కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమెతో ఇలాంటి మాట ఎవరూ అనలేదు. నెల రోజులు మధ్యాహ్నం కునుకు మానుకుని, గుణింతాలు, వత్తులతో సహా అన్నీ రాసిచ్చింది. అడిగింది ఒక్కటే, ఫాంటుకు తన పేరు పెట్టాలని.

ఆమె భర్త రాఘవేందర్ కాలనీ సంఘం అధ్యక్షుడు. ఆ కాగితాలను షాపు దాకా మోసిన శ్రమ ఆయనది. ఆ హక్కుతో 'రాఘవ' అని పెట్టించి వచ్చాడు.

"ఆడోళ్ల పేరు బజార్ల ఎందుకే? నాదైతే ఏంది, నీదైతే ఏంది?"

"ఏం లేదు. గట్లయితే నాదే పెట్టుండ్రి."

ఆయనకు అప్పుడే ఫోనొచ్చింది. మోగలేదు గానీ, వచ్చింది.

తన పేరున్న ఫాంటుతో ఆయన మొదటి బోర్డును సందు మొగదల నిలబెట్టించాడు: "ఇక్కడ చెత్త వేస్తే జరిమానా." అక్షరాలు గుండ్రంగా, కాస్త పక్కకు ఒరిగి, బుగ్గలు పొంగించి నవ్వుతున్నాయి. వారం తిరిగేసరికి కాలనీ చెత్తంతా అక్కడికే చేరింది.

"ఏం చెయ్యాలె జయా, గా బోర్డు చూస్తే బొట్టు పెట్టి పిలిచినట్టే ఉంది" అంటూ ఎదురింటి నాగేంద్రమ్మ వంకాయ తొడిమల కవరును మర్యాదగా బోర్డు కాళ్ల దగ్గర పెట్టింది.

"కఠిన చర్యలు" అని రాఘవేందర్ ఇంకో బోర్డు పెట్టించాడు. అది మరీ ముద్దొచ్చింది. కుక్కలు కూడా వచ్చాయి. సంఘం మీటింగులో అందరూ అధ్యక్షుడి రాతను మెచ్చుకుని, ఆయన్ని మార్చే సంగతి మాట్లాడుకున్నారు.

ఆదివారం ఆయన ఫహీమ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"జర కోపంగా రాసియ్యే. చూస్తే భయపడాలె."

"రాత మీది గదా. మీరే రాయుండ్రి."

రాశాడు. ఫహీమ్ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అన్నా, ఇది కోపం కాదు. దవాఖాన చీటీ లెక్కుంది."

రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు. "సరే తియ్. రాత దాందే. కొత్తదానికి దాని పేరే పెట్టు."

"పాతదానికి గూడ" అంది జయశ్రీ.

"పాతదానికి గూడ" అన్నాడాయన, గోడ వైపు చూస్తూ.

జయశ్రీ పెన్ను మూత తీసింది. నవ్వడానికి నెల పట్టింది గానీ, కోపం రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. ఎక్కడా ఆగలేదు, ఒక్క కొట్టివేత లేదు.

కొత్త బోర్డు లేచిన మర్నాడే సందు మొగదల శుభ్రమైంది. నాగేంద్రమ్మ కవరు పట్టుకుని తల వంచుకుని చెత్తబండి దాకా నడిచింది.

రాఘవేందర్ మాత్రం ఆ బోర్డున్న దారి మానుకుని, బజారుకు వెనక గల్లీ నుంచి చుట్టు తిరిగి పోతున్నాడు.

"ఇటు దగ్గర గదా, గట్లెందుకు పోతున్నరు?" అని ఒకనాడు జయశ్రీ అమాయకంగా అడిగింది.

"డాక్టరు నడవమన్నడు" అన్నాడాయన, చెప్పులు వెతుక్కుంటూ.