కుందేలు మెడలో రిబ్బను

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈవిడగారు ముప్పాతిక. అడిగి తీసుకెళ్ళిన నాలుగు నెలలకి కుందేల్ని బుట్టలో పడేసి తెచ్చి, వదిన పనిబల్ల మీద దబ్బున పెట్టింది.

"నీ కుందేలు బొచ్చు మంచిది కాదు వదినా. ఊరికే ఉండలు కడుతోంది. తీసెయ్, తీసుకెళ్ళిపోతా."

వదినది పెంపుడు జంతువుల బొచ్చు దువ్వి కత్తిరించే పని. ఇంటి ముందుగదే దుకాణం. ఈ కుందేలు ఆ గదిలోనే పుట్టింది, ఆమె ఒళ్ళో పెరిగింది. ఇవ్వనంటే, చెల్లెలు అడిగితే కాదంటావా అని మొగుడు మూడు రోజులు మూతి ముడుచుకున్నాడు. రోజూ దువ్వాలని పదిసార్లు చెప్పి, ముస్తాబు చేసి మరీ పంపింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

చెయ్యి పెట్టి చూస్తే బొచ్చంతా అట్టకట్టి బిగిసిపోయింది. అడుగున ఇంకా చెమ్మ.

"స్నానం చేయించావా?"

"మురిగ్గా తెస్తే నువ్వు ఊరుకుంటావా? నిన్న సబ్బు పెట్టి తోమాను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఉండకట్టిన బొచ్చుకి నీళ్ళు తగిలితే ఇక దువ్వెన దిగదు. వదినకి ఒళ్ళు మండిపోయింది.

"దీని ఒంటిమీద ఒక్క పుండు కనబడిందా, ఇది ఈ గడప దాటదు. మీ అన్నయ్య వచ్చి చెప్పినా సరే."

"చూద్దువుగాని," అని ఆడపడుచు కుర్చీ లాక్కుని కాపలా కూర్చుంది.

కుందేలు చర్మం ఉల్లిపొర. కత్తెర పెడితే బొచ్చుతోపాటు తోలూ తెగుతుంది. వదిన ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని అదిమిపట్టి, ట్రిమ్మర్‌తో కొంచెం కొంచెంగా తీసింది. వీపు బాగానే ఉంది. పొట్టా బాగానే ఉంది. ఆడపడుచు పెదాలు సాగదీసి నవ్వింది.

గంటన్నరకి మెడ దగ్గర ట్రిమ్మర్ ఆగింది. ఉండ లోపల నీలం రిబ్బను. దాని కింద చర్మం కోసుకుపోయి పచ్చిపుండు. పంపిన రోజు ముద్దుగా ఉంటుందని వదినే కట్టింది. ఇంటికెళ్ళాక విప్పెయ్యమని చెప్పడం మరిచిపోయింది.

ఆడపడుచు మెడ చాచి చూసింది. "ఆ ముడి నువ్వేసిందే కదా వదినా."

వదిన రిబ్బను కింద వేలు దూర్చి, మెల్లగా కోసి తీసి, పుండు తుడిచింది.

"నేనేసిందే," అంది చివరికి. "నాలుగు నెలలు ఆ మెడ మీద చెయ్యి వెయ్యనిదానివి నువ్వు. సిగ్గు ఇద్దరికీ ఉండాలి. బుట్ట తీసుకుని వెళ్ళు."

ఆడపడుచు ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, తలుపు విసిరేసి వెళ్ళిపోయింది. వదిన కుందేలు వైపు చెయ్యి చాపింది. ఆమె ఒళ్ళో పెరిగిన కుందేలు, ఆ చెయ్యి చూసి బల్ల చివరికి జరిగిపోయింది.