తలసరి భాగము

గ్రీష్మమధ్యాహ్నము. తరుచ్ఛాయ యన నెట్టిదో యెఱుగని యా మరుభూమి ప్రచండమార్తాండకిరణసంతప్తమై కాలిన పెనమువలె దిగంతముదాక పఱచుకొనియుండెను. భూగర్భతైలసంపదచే కుబేరునికైన నసూయ పుట్టింపగల యా దేశమున నొక మూల పరుల గొఱ్ఱెలమందకు కావలియై రేకుల గుడిసెలో నొంటిగా బ్రదుకుచుండిన రాజంపేటసీమవాడు పెంచలయ్య ఆ దినమున మందను మఱచి బాటవంకనే చూచుచుండెను.

వారమున కొకమాఱు నీళ్లబండి వచ్చును. దానిని తోలుకొనివచ్చు గోదావరిసీమవాడగు సూరిబాబు తక్క తెలుగుమాట యాడు నరుడు వానికి లేడు. వచ్చినవాడు నీళ్లు దింపి నిలుచున్నపాటున మరలిపోవుటయే గాని యేనాడును కూర్చుండి యెఱుగడు. నేడైన వానిని కూర్చుండబెట్టి తనతో నొక ముద్ద తినిపింపవలెనని పెంచలయ్య తెల్లవాఱినది మొదలు తపించి యిద్దఱికి చాలునట్లు ఎసరు పెట్టి పప్పెనిపి కాచుకొనియుండెను.

బండి వచ్చెను. సూరిబాబు గొట్టము తొట్టిలో పడవైచి చేతిలోని ఫోను చూచుచు నవ్వెను.

“ఏవయ్యా పెంచలయ్యా, గొప్పోడివైపోయావు, తెలుసా? తలసరి స్థూల దేశీయోత్పత్తంట. దేశాలన్నిటినీ వరసలో నిలబెట్టి కొలిచారు. మనం నిలబడ్డ ఈ ఇసక ఎక్కడో పైనుంది. మన దేశం ఎక్కడుందో చూడాలంటే మెడ వంచాల!”

తలసరి యను మాట చెవినిబడగానే పెంచలయ్య కన్నులు వెలింగెను. వాని యూర జాతరనాడు పొట్టేలు కోసి మోదుగాకులలో తలకొక పోగు పెట్టుదురు. పెద్దకాపైనను పాలేరైనను పోగు పోగే. బడి మాని మేకలవెంట బోయిన వానికి ఆ మాట కంతకు మించిన యర్థ మెవడు చెప్పెను?

“అట్లయితే నా పోగు యాడ పెట్టినారన్నా?” అని వాడు నిజముగనే యడిగెను.

సూరిబాబు కడుపు పట్టుకొని నవ్వెను. “పోగా! పోగులెయ్యరయ్యా బాబూ, ఉత్తి లెక్క. దేశంలో పుట్టిందంతా కుప్పపోసి ఉన్న తలలతో భాగిస్తారు. అంతే. పంచరు.”

“ఆ తలల్లో నాది ఉండాదా?”

“ఎందుకుండదూ? నీదీ నాదీ కూడాను. కుప్ప అలాగే ఉండి మనం పోయామనుకో, మిగిలినోళ్ల లెక్క ఇంకా పైకెక్కుద్ది!”

పంచుటకు గాక భాగించుటకు మాత్రమే పనికివచ్చు తల! మహాపండితులు రాజ్యముల భాగ్యమును తూచునప్పుడు వాని చోటు గీతక్రింది యంకెలో నొక యిసుకరేణువు.

“మా ఊళ్లో, జాతరనాడు ఊర్లో లేనోనికి పోగు పెట్టరు. ఈడ ఉన్నోనికీ పెట్టరంటివి. ఇంగ నేను యాడుండాలన్నా?”

సూరిబాబు నవ్వు నిలిచెను. వాడు గొట్టము చుట్టసాగెను.

“పోనీలేన్నా. అన్నం వండినా, నీకూ కలిపే. ఒక ముద్ద తిని పో.”

“అమ్మో, ఇంకా రెండు మందలకి నీళ్లు పొయ్యాలి. ఆలస్యమైతే మేస్త్రి చీరేత్తాడు. వచ్చే వారం చూద్దాంలే.”

“పోయిన వారమూ ఇదే మాటంటివి గదన్నా.”

ఆ పలుకు యంత్రఘోషమున మునింగెను. బండి పోయెను. లేచిన దుమ్ము సైత మంతలోనే యడంగెను.

పెంచలయ్య గుడిసె దూఱి చట్టిమూత తీసెను. అన్న మంతయు నట్లే యున్నది. తినువారు సగమైరి. భాజకము తఱుగ భాగఫలము పెరుగునను గణితశాస్త్రము తప్పునది కాదు గనుక వాని తలసరి భాగ్య మాక్షణముననే రెట్టింపయ్యెను. ఆ యిసుకరాజ్యమున కనుచూపుమేర నంతటి సంపన్నుడు వేఱొకడు లేడు. వాడు పళ్లెమునిండ వడ్డించుకొని కూర్చుండెను. కలిపిన ముద్ద చేతిలోనే యాఱిపోవుచుండెను. వెలుపల గొఱ్ఱెలన్నియు మూతులు చేర్చి యొక్క తొట్టిలో నీళ్లు త్రాగుచున్న చప్పుడు వినవచ్చుచుండెను.