పెద్దాయన ఛాతీ ఎత్తు

ఆ తోట ఆఫీసులో వడ్రంగికి ఏనాడూ పని కరువు కాలేదు. పెద్దాయనకి ప్రమోషన్ వచ్చినప్పుడల్లా గుమ్మం ఊడదీసి ఒక జాన పైకి పెంచాలి. మొదటి రెండుసార్లూ గుమ్మంతో సరిపోయింది. తర్వాత కప్పు కూడా లేపాల్సొచ్చింది. ఇప్పుడా గదిలో ఫ్యాను తుడవాలంటే రెండు బల్లలు ఒకదానిమీద ఒకటి వేయాలి, అందుకని ఎవరూ తుడవరు.

ప్రమోషన్‌కో జాన చొప్పున పెద్దాయన కాళ్లు పెరిగేవి. ఎదుగుదలంతా మోకాళ్ల కిందే. నడుము నుంచి పైకి మాత్రం ఉద్యోగంలో చేరిన నాటి మనిషే. టైలరు వచ్చి ప్యాంటు కింద కొత్త ముక్క అతికి వెళ్లేవాడు. అదే గుడ్డ మళ్లీ దొరకదు గనుక ఒక్కో ముక్కదీ ఒక్కో రంగు. అలా ఏడు ముక్కల ప్యాంటు వేసుకుని పొద్దున పదింటికి ఆయన తోటలోంచి నడిచొస్తుంటే అందరూ పక్కకి తప్పుకుని నమస్కారాలు పెట్టేవారు. ముఖం ఎలాగూ కనిపించదు. కాళ్లకే పెట్టేవారనుకోవాలి.

ఆ ఎత్తుతో ఒక్కటే ఇబ్బంది. కింద అన్న మాట పైకి ఎక్కడానికీ, పైనుంచి జవాబు కిందికి దిగడానికీ టైం పట్టేది. మూడో ప్రమోషన్ నాటికి నిమిషం, ఐదోదానికి గంట. ఏడోది వచ్చాక పదింటికి అడిగితే భోజనాలయ్యాక గానీ జవాబు వచ్చేది కాదు. సిబ్బంది పదింటికి అడగాల్సింది అడిగేసి, ఎవరి సీట్లో వాళ్లు పడుకునేవారు. ఆ ఆలస్యానికి వాళ్లు పెట్టిన పేరు గాంభీర్యం.

తోట చివర రేకుల షెడ్డులో ఈయన అక్క అంటు మొక్కలు కట్టేది. అక్కంటే ఐదు నిమిషాల పెద్ద, అంతే. ఇద్దరూ కవలలు. ఉద్యోగంలో చేరింది కూడా ఒక్కరోజే. తమ్ముడు వెళ్లి ఆఫీసులో కూర్చున్నాడు, అక్క వెళ్లి షెడ్డులో కూర్చుంది. షెడ్డులో ప్రమోషన్లు ఉండవు. చేరిన రోజున ఎంత ఎత్తుందో యాభై ఏడో ఏటా అంతే ఉంది. కత్తి పట్టుకుంటే మాత్రం రోజుకి అరవై మొక్కలు కట్టి గానీ లేచేది కాదు. ఎవరైనా తమ్ముడి గొప్ప ఎత్తితే, "ఆ, పొడుగు పెరిగాడు లెండి" అని కొమ్మ చెక్కుకునేది.

ఆవిడ కట్టే ప్రతి కొమ్మా షెడ్డు ముందున్న ఒకటో నంబరు చెట్టుదే. ఊళ్లో ఏ పెరట్లో తియ్యటి పండు కాసినా దాని తల్లి ఇదే. అలాంటి చెట్టు ఏటికేడు చిక్కిపోతోందని ఆఫీసు పుస్తకంలో రాసి ఉంది.

అదెలాగో చెప్పాలి. ఆఫీసుకి ఒక రూళ్ల పుస్తకం ఉంది. పెద్దాయన సొంతంగా రాసినది. అందులో నాలుగో రూలు, చెట్టు లావును ఛాతీ ఎత్తున కొలవాలని. ఎవరి ఛాతీ అన్నది రాయలేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు కూడా. పెద్దాయన ఉండగా ఇంకొకడి ఛాతీ ఒక ఛాతీయేనా? చెట్లు కొలిచే టేపు గుమస్తా మొదట ఒక వెదురు గడ తీసుకెళ్లి పెద్దాయన పక్కన నిలబెట్టేవాడు. ఆయన ఛాతీ ఎక్కడికొచ్చిందో అక్కడ గీత పెట్టుకుని, ఆ గడ తెచ్చి చెట్టుకి ఆనించి, ఆ ఎత్తున టేపు చుట్టేవాడు. కొలిచిన చోట తెల్ల రంగుతో ఒక గీత గీసేవాడు. మొదట్లో నేలమీద నిలబడే కొలిచాడు. తర్వాత స్టూలు ఎక్కాడు. ఇప్పుడు నిచ్చెన ఎక్కుతున్నాడు. మొదలు లావుగా ఉన్న చెట్టు పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుందని పలక పట్టిన పిల్లకి కూడా తెలుసు. ముప్పై మంది జీతాలు తీసుకునే ఆఫీసుకి తెలీదు.

ఏడో ప్రమోషన్ తర్వాత తీసిన కొలత మరీ చిన్నదిగా వచ్చింది. మర్నాడే ఆర్డరు వచ్చింది. "ముసలితనం వల్ల ఒకటో నంబరు చెట్టుకు ఎదుగుదల ఆగి తరుగుదల మొదలైనది. ఆరు నెలల్లో నరికివేయవలెను. తల్లి చెట్టు లేని షెడ్డు అనవసరం గనుక మూసివేయవలెను. అందులోని వయసు మీరిన ఉద్యోగినిని ఇంటికి పంపవలెను."

ఆర్డరు కాగితం తెచ్చిచ్చింది టేపు గుమస్తాయే. ఆవిడ చదివి, అతన్ని చెట్టు దగ్గరికి లాక్కెళ్లింది.

"గుమస్తాగారూ, ఈ గీతలు చూశారా?"

"చూడకేమమ్మా, వేసింది నేనే కదా."

"పైకి పోతున్నాయి."

"పోతున్నాయి."

"మరి ఆ సంగతి ఆయనకి చెప్పొద్దూ?"

గుమస్తా నిచ్చెన భుజం మార్చుకున్నాడు. "చెప్పాలంటే పదింటికి చెప్పి మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడాలి కదమ్మా. నాకు మోకాళ్ల నొప్పులు."

ఆవిడే వెళ్లింది. అంటు మొక్కలకి చుట్టే ప్లాస్టిక్ పట్టీలు ఒళ్లో వేసుకుని, తమ్ముడి పాదాల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, తలెత్తి గట్టిగా అంది. "ఏరా, అది ముసలిదై కాదురా. పెద్దదై. అంత ఎత్తుకి నీళ్లు ఎక్కాలి, అన్ని కొమ్మల్నీ సాకాలి. అందుకే నిదానంగా పెరుగుతోంది. అదే కొమ్మ కోసి ఏడాది మొక్కకి కట్టిచూడు, పడుచుదానిలా లేస్తుంది. వయసే కారణమైతే ఆ కొమ్మకీ అదే వయసు కదా?"

భోజనాలయ్యాక జవాబు దిగింది. "ఆఫీసులో ఏరా అనకు."

మిగతాది మర్నాడు దిగింది. "వయసే. ముప్పై ఐదేళ్ల అనుభవంతో చెబుతున్నాను."

"నీకూ నాకూ ఒకటే వయసు కదరా! నేను రోజుకి అరవై మొక్కలు కడుతున్నాను. నువ్వు రోజుకొక్క మాట మాట్లాడుతున్నావు. తేడా వయసులో ఉందంటావా?"

దీనికి రెండు రోజులు పట్టింది. "నువ్వు ఎదగలేదు," అని మాత్రం వచ్చింది.

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. అమ్మ ఒళ్లో చోటు చాలక ఇద్దరూ కాళ్లతో తన్నుకున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు వీడి కాళ్లు పొట్టివి, అయినా గట్టిగానే తన్నేవాడు. ఏడుపొచ్చింది, కానీ అక్కడ ఏడిస్తే వాడికి తెలిసేసరికి ఎంతసేపవుతుందో లెక్కేసుకుని మానుకుంది.

షెడ్డుకి వచ్చి ఏడాది వయసు మొక్కలు ఇరవై వరసగా పెట్టింది. పది మొక్కలకి ఒకటో నంబరు చెట్టు కొమ్మలు, మిగతా పది మొక్కలకి ఐదేళ్ల చెట్టు కొమ్మలు కట్టింది. ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఐదు నెలలకి ఇరవయ్యీ ఆవిడ నడుము దాకా లేచాయి. ఏవి ముసలి చెట్టువో ఏవి పడుచు చెట్టువో చీటీలు చూస్తే తప్ప ఆవిడే చెప్పలేకపోయింది.

పెద్దాయన చూడటానికి వచ్చాడు. వంగితే కళ్లు తిరుగుతాయి కాబట్టి వంగలేదు. నిలబడితే మొక్కలు కనిపించవు. గుమస్తా గడ తెచ్చి మొక్కల పక్కన నిలబెట్టాడు. ఛాతీ గీత ఎక్కడో పైన గాలిలో ఉంది. గీత దగ్గర మొక్క లేదు. సాయంత్రానికి తీర్పు దిగింది. "ఛాతీ ఎత్తున లావు సున్నా. ఎదుగుదల సున్నా. చెట్టు పదిహేను రోజుల్లో పోవాలి."

గుమస్తా ఇరవై మొక్కలకీ ఇరవై సున్నాలు చుట్టాడు. పాపం, గుండ్రంగా చుట్టాడు.

మర్నాడు ఆవిడ ఆఫీసుకెళ్లి రూళ్ల పుస్తకం తెచ్చుకుని, మొదటి పేజీ నుంచీ చదివింది. అంత చెత్త ఒక్కచోట ఎన్నడూ చదవలేదు. ఇరవై రెండో రూలు దగ్గర ఆగింది. ఛాతీ ఎత్తుకన్నా కిందనే చీలిన చెట్టును, ఎన్ని చీలికలుంటే అన్ని చెట్లుగా రాసుకోవాలట. తర్వాతి రూలు, లావును బట్టి ఇరవై ఐదేళ్ల లోపు అనిపించే చెట్టును నరకకూడదని.

ఆవిడ లేచి వెళ్లి గుమస్తా నిచ్చెన చెట్టుకి వేసుకుని ఎక్కింది. ఆఖరి తెల్ల గీత మీద బొటనవేలు పెట్టి చెయ్యి చాపింది. ఒకటో నంబరు చెట్టు మూడు కొమ్మలుగా చీలే చోటు జానకి రెండు వేళ్లు తక్కువలో ఉంది. ఆవిడ నిచ్చెన మీదే నవ్వింది. ఇంకొక్క ప్రమోషన్ చాలు.

పై ఆఫీసు ప్రమోషన్లు ఇచ్చేది సిబ్బంది అర్జీ చూసి. అంతకుముందు ఏడు అర్జీలు వెళ్లాయి. ఏడింటిమీదా అందరి సంతకాలూ ఉన్నాయి, ఆవిడది తప్ప. ఎనిమిదోది ఆవిడే రాసింది. "మా అధికారి దూరదృష్టికి మేమందరం కిందనుంచి ఆశ్చర్యపోతున్నాం" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపింది. మధ్యలో లేచి రెండుసార్లు మొహం కడుక్కుంది.

"మీరా అమ్మా!" అన్నాడు గుమస్తా.

"సంతకం పెట్టండి," అంది.

ఎవరూ ఎందుకని అడగలేదు. పొగడ్త కనిపిస్తే సంతకం పెట్టడం వాళ్ల చేతులకి అలవాటే.

రెండు రోజులకి పెద్దాయన షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఏడు ముక్కల ప్యాంటు గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. ఆయన పొద్దున ఇంట్లోనే అనేసి బయల్దేరినట్టున్నాడు, మాట అప్పుడే కిందికి దిగింది.

"అక్కా, ఏడు అర్జీల్లోనూ ముందు నీ సంతకమే వెతికాను."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. ఎదురుగా చెట్టు కనిపించింది. మళ్లీ కొమ్మ చెక్కడం మొదలుపెట్టింది.

పొగిడే కాగితాలు ఏ ఆఫీసులోనూ ఆగవు. పన్నెండో రోజున ప్రమోషన్ వచ్చింది. తెల్లారేసరికి పెద్దాయన ఇంకో జాన లేచాడు. పదిహేనో రోజున రంపాలవాళ్లు వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. నరికేముందు మరోసారి కొలవాలన్నది కూడా రూలే. గుమస్తా గడ తీసుకెళ్లి కొత్త గీత పెట్టుకొచ్చి, నిచ్చెన ఎక్కి టేపు విప్పాడు. చుట్టడానికి మాను లేదు. మూడు కొమ్మలున్నాయి.

"ఇరవై రెండో రూలు చూడండి గుమస్తాగారూ," అంది ఆవిడ కిందనుంచి.

చూశాడు. మూడింటికీ వేర్వేరుగా టేపు చుట్టాడు. పుస్తకంలో ఒకటో నంబరు చెట్టు పేరు కొట్టేసి, దాని చోట మూడు కొత్త చెట్లు రాశాడు. లావును బట్టి ఒక్కోదాని వయసు పద్దెనిమిది. "ఇవి పడుచు చెట్లండీ, నరకరాదు," అని రంపాలవాళ్లకి చెప్పాడు. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మూడు పడుచు తల్లి చెట్లున్న తోటలో షెడ్డు మూయడానికి వీల్లేదని గుమస్తా తానే కింద ఇంకో వాక్యం చేర్చాడు. ముప్పై ఐదేళ్లలో అతను సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే.

పెద్దాయన పక్కనే నిలబడి అంతా చూశాడు. నోరు తెరిచాడు. సాయంత్రం దాకా చూసి అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు.

ఈసారి వడ్రంగి చేతులెత్తేశాడు. గోడలు ఇంక లేపితే కూలతాయన్నాడు. పెద్దాయనకి గది లేకపోయింది, ఇంటి గుమ్మంలోనూ పట్టలేదు. చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. సిబ్బంది అటు వెళ్లడమే మానేశారు, ప్యాంటుకి ఎనిమిదో ముక్క అతకడానికి టైలరు కూడా రాలేదు. మొదటిరోజు ఆవిడ షెడ్డుకి వెళ్తూ, అలవాటు లేని మాట కాబట్టి కాస్త గొణుగుతూ, "బాగున్నావా?" అని అడిగి పోయింది.

నాలుగో రోజు కొమ్మ కడుతుంటే జవాబు పడింది. గొంతు ఎండిపోయి ఉంది.

"అక్కా, ఇంత పైకి నీళ్లు అందట్లేదు."

ఆవిడ కత్తి కింద పెట్టింది. "ముందు పుట్టినదాన్ని, చెబితే విన్నావట్రా వెధవా!" అని తిట్టింది. అది వాడికి చేరేసరికి ఎల్లుండి అవుతుందని తెలిసి మరీ తిట్టింది. చెంబు నిండా నీళ్లు ముంచుకుని, గుమస్తా చేత నిచ్చెన వేయించుకుని ఎక్కి, మూడు కొమ్మల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుంది. ముప్పై ఐదేళ్ల తర్వాత తమ్ముడి ముఖం దగ్గరగా చూసింది. పెదాలు బీటలు వారాయి. చూపు ఎక్కడో ఉంది. ఈ మొహం కోసమా ఇంతింత కాళ్లు అనుకుంది. అనుకుంటూనే చెంబు నోటికి అందించింది. చుక్క మిగల్చకుండా తాగాడు.

ఇప్పుడు వాడి చెవి ఆవిడ నోటికి మూరెడు దూరంలో ఉంది.

"చెప్పరా. ముసలితనమా, ఎత్తా?"

జవాబు వెంటనే వచ్చింది.

"ఎత్తే, అక్కా."

కిందనుంచి గుమస్తా కేకేశాడు. "అమ్మా, పుస్తకంలో ఏం రాయమంటారు?"

"ఏమీ రాయకండి," అంది ఆవిడ, ఖాళీ చెంబు కిందికి వదులుతూ. "ఇంకో చెంబు నింపి పంపండి. రేపట్నుంచి రోజూ పదింటికి ఈ నిచ్చెన ఇక్కడే ఉండాలి."