ఊరు పట్నమైన వేసవి

మా ఊరిని మున్సిపాలిటీలో కలపాలని అందరికంటే ఎక్కువ పట్టుబట్టింది మా బావగారు ధనరాజ్. రాజాం రోడ్డు మీద ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. దాని వెనక హాస్టళ్ళు, వాటి వెనక బిర్యానీ దుకాణాలు వచ్చాయి. ఇక మిగిలింది మా జీడితోట. ఊరు పల్లెగా ఉన్నంతకాలం అది తోట, పట్నంలో కలిస్తే ప్లాట్లు.

గ్రామసభలో బావగారు ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో నిలబడి అభివృద్ధి గురించి చాలాసేపు మాట్లాడారు. "ఇష్టమైనోళ్ళు సెయ్యెత్తండి" అన్నారు. మా పెరటి వెనక ఒంటరిగా ఉండే కూర్మమ్మ రెండు చేతులూ ఎత్తింది. గుడిసె వేసుకున్న జాగా తప్ప ఆమెకు ఏమీ లేదు. వేసవిలో చెరువు తవ్వే ఉపాధి పనికి పోయి, ఆ కూలితోనే ఏడాది నెట్టుకొస్తుంది. వీధిలైట్లు వస్తే పాముల భయం పోతుందని చేతులెత్తింది.

లైట్లు వచ్చాయి, కాదనను. కుళాయి వచ్చింది. పాట పాడుకుంటూ చెత్తబండీ వచ్చింది. మా తోటికోడలు దేవి చెత్తబుట్ట అందించడానికి కూడా చీర మార్చుకుని వెళ్ళేది. పట్నపు మనిషి కదా.

ఎండలు ముదిరాక కూర్మమ్మ గునపం, తట్ట పట్టుకుని చెరువుకు వెళ్ళి, వెంటనే తిరిగొచ్చింది. నేరుగా మా అరుగు దగ్గరికే వచ్చింది.

"బాబూ, నాకు పని నేదంతన్నారు. అది పల్లెటూరోళ్ళకేనట. మనం టౌనోళ్ళమైపోనామట. నిజిమేనేటి?"

బావగారు ఫోనులోంచి తలెత్తలేదు. "నిజిమే. టౌన్లో ఉండి మట్టిపనేటే, సిగ్గునేదా? హాస్టల్లో గిన్నెలు తోముకో."

"అడిగినాను. వయసోళ్ళు కావాలన్నారు. ఈ సంగతి నీకు ముందే తెల్సునా?"

"తెల్సు. నువ్వడిగినావేటి?"

సభలో ఆ ముక్క చెప్పి ఉంటే ఆమె వీధిలో ఒక్క చెయ్యీ లేచేది కాదు.

"ఆమె అడగడమేమిటి బావగారూ, మీరు చెప్పాలి" అన్నాను.

"నీకెందుకమ్మా ఇయన్నీ? కాపీ ఎట్టు."

పెట్టలేదు.

వారం తిరగకముందే కూర్మమ్మ మూట కట్టింది. చీపురుపల్లి అవతల వాళ్ళ అక్క ఉండే ఊరు ఇంకా పల్లెటూరే. అక్కడే ఉండి పనికి పేరు రాయించుకుంటుందట. బస్సు దాకా నేనూ వెళ్ళాను. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్ళతో బావగారు మలుపులో నిలబడి ఉన్నారు.

"ఒసే కూర్మీ, ఎల్లిపోతన్నావా? అయితే ఆ జాగా నాకిచ్చీయే. మంచి రేటిస్తాను."

"ఇవ్వను బాబూ. ఆ ఊల్లోనూ నీలాటోడొకడు తేలితే, నాను మల్లా ఎక్కడికి పోవాల?"

కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వారు కాబట్టి బావగారూ నవ్వారు.