దండెం మీద నాలుగు మాటలు

మాటే కదా, పోయేదేముంది అనుకునేవాళ్లు మీలోనే ఉన్నారు. పక్కవాళ్లని అడగకుండానే "వాళ్లూ సరేనన్నారు" అని చెప్పేసేవాళ్లూ ఉన్నారు. తల వంచుకోవడం తర్వాత, ముందు వినండి.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ మిషన్ దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. నలుగురివీ నాలుగు భాషలు. తడి దుప్పటి పరిచి, ముడతలు లాగి, చేతులు తీసేశాక ఒక్కొక్కరూ "సా" అనాలి. నాలుగు "సా"లు వినపడ్డాకే మేస్త్రీ పెడల్ తొక్కి వేడి మూత దించాలి. ఆ కట్టుబాటు పెట్టింది ఆ నలుగురిలోకీ పెద్దదైన పొడుగక్క. నాలుగు భాషల్లోనూ ఉన్న మాట అదొక్కటే మరి. ఒకామెకి సా అంటే ఉప్పు, ఒకామెకి చాలు, ఇంకొకామెకి మేనత్త, పొడుగక్కకి రేపు.

"పొద్దస్తమానం మేనత్తని పిలుస్తున్నాను, ఒక్కరోజైనా వచ్చి చూసిపోదే," అనేది మూడో ఆమె, వచ్చీరాని ఉమ్మడి భాషలో.

"వస్తుందిలే, రేపు," అనేది పొడుగక్క.

అన్న మాటలు ఆవిరికి తడిసి పైన దండేనికి వేలాడేవి. ఉప్పు తెల్లగా, మేనత్త పసుపుగా. సాయంత్రం దులిపి, ఊడ్చి పారేసేవారు.

మేస్త్రీకి ఈ కాచుకోవడం తలనొప్పి. ఒక సాయంత్రం దండెం మీంచి నాలుగు మాటలు తీసి జేబులో వేసుకున్నాడు. మర్నాడు బయట లారీ హారన్ కొడుతోంది. సా అంటే మేనత్త అయిన ఆమె ఇంకా దుప్పటి మూల సర్దుతూనే ఉంది. అతను జేబులోవి గాల్లోకి వదిలాడు. నాలుగు గొంతులూ పలికాయి. పెడల్ తొక్కాడు.

తను నోరు విప్పలేదని పొడుగక్కకి తెలుసు. దుప్పట్లు తిప్పే కర్ర లాక్కుని మూత కింద దూర్చింది. కర్ర ఫెళ్లుమంది, మూత ఆగింది. మేనత్త ఆమె చెయ్యి బయటికొచ్చింది, వేళ్ల మీద కాలిన చారతో.

"అందరూ అన్నారుగా," అన్నాడు మేస్త్రీ.

"నేను అనలేదు."

"నీ గొంతు నేను వినలేదా?"

"అది నిన్నటి గొంతు. జేబు చూపించు తమ్ముడూ."

"పనికొచ్చావా, సోదాకొచ్చావా? రేపట్నుంచి రానక్కర్లేదు."

"వస్తాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. నువ్వు జేబు చూపించేదాకా ఇక్కడ దుప్పటి పరుచుకోదు."

కర్ర ముక్క ఒళ్లో పెట్టుకుని నేల మీద చతికిలబడింది. మిగతా ముగ్గురూ పక్కనే కూర్చున్నారు. లారీ ఖాళీగా పోయింది. కబురందుకుని యజమానురాలు వచ్చింది.

"ఏమయ్యా, వాళ్లు అనకుండానే తొక్కావా?"

లేదండీ అనబోయాడు మేస్త్రీ. "సా" అని వచ్చింది, పొడుగక్క గొంతుతో. మళ్లీ నోరు తెరిచాడు. "సా", ఈసారి మేనత్త ఆమె గొంతు. యజమానురాలు జేబు తిప్పించింది. తెల్లటి, పసుపుపచ్చటి పొడి రాలింది.

ఆ పూటే పెడల్ పొడుగక్క కాలి కిందికి వచ్చింది. మేస్త్రీ నోట్లోకి మాత్రం మరో మాట రాలేదు. ఉప్పు, చాలు, మేనత్త, రేపు అన్నీ ఉన్నాయి, అతని మాట ఒక్కటీ లేదు.

ఆదివారం పొరుగూరి నుంచి అతని కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, బాగున్నావా?"

"సా."

ఆడగొంతు వినగానే కూతురు నంబరు మళ్లీ చూసుకుంది.

"ఎవరండీ మీరు? మా నాన్నకివ్వండి."