మిరప చేలో పుష్పలత నవ్వు

పుష్పలత నవ్విందంటే చేను అవతలి గట్టు దాకా వినబడాల్సిందే. అట్లాంటి మనిషి ఈ ఏడు తొలి ఏరుడు నుంచీ పెదవి బిగించుకుని మిరపకాయలు ఏరుతోంది. పక్క సాలులో ఆమె జోడి రామక్క జోకులకు కూలీలందరూ పడీ పడీ నవ్వుతుంటే, ఈమె మొక్కల్లోకి తల దూర్చేది.

కారణం నలుగురిలో చెప్పుకునేది కాదు. మూడో కాన్పు నుంచి గట్టిగా నవ్వినా, దగ్గినా, తుమ్మినా చీరలోనే మూత్రం చుక్కలు పడుతున్నాయి. చేసేదేమో మిర్చి పని! ఘాటుకు తుమ్ములు ఆగుతాయా? అందుకని తనకు తోచిన వైద్యం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు ముట్టదు. చుక్కలు ఆగలేదు సరికదా, మూత్రంలో మంట కూడా మొదలైంది.

పాపం, రామక్కకు ఇదంతా ఏం తెలుసు? ఒకనాడు మొహం మాడ్చుకుని, "నా ముచ్చట్లు నీకు చేదైనయ్ గదా పుష్పా. రెండో ఏరుడుకు ఇంకో జోడిని జూస్కుంట," అన్నది.

పదేళ్ల జోడి! పుష్పలత సాలు మధ్యలోనే కూలబడి, ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.

"ఓసి పిచ్చిదానా, గిదా!" అంటూ రామక్క ఆమెను ఆ సాయంత్రమే దవాఖానాకు లాక్కుపోయింది.

మూత్రం పరీక్ష చేయించి, డాక్టరమ్మ రాసిన మంట మందు ఇస్తూ నర్సు ఉదయశ్రీ చెప్పింది: "కాన్పులకు కింది కండరాలు వదులైతయ్ అక్కా. మూత్రం ఆపుకున్నట్టు బిగబట్టు, ఐదు లెక్కబెట్టి వదులు. గట్ల పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి మాత్రం ఆపకు. తుమ్ము వస్తుందనంగనే బిగబట్టు. నీళ్లు మంచిగ తాగు. మూడు నెలలకు తగ్గకుంటే మళ్లా రా."

ఇక చూడాలి రామక్క పెత్తనం! పూటపూటకూ చేలో నిలబడి, "బిగబట్టూ!" అని కేక. ఎందుకని అడిగిన ఆడవాళ్లకు సంగతి తెలిసింది. సగం మందిది అదే బాధ! మరునాటి నుంచి అందరూ కలిసి బిగబట్టసాగారు. కూలీలంతా ఒక్కసారిగా కొయ్యబారడం చూసి రైతు బసవపున్నయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, పాము గిట్ల కనబడ్డదా?"

చివరి ఏరుడు కూడా అయిపోయింది. కల్లంలో ఎండుకాయలు తిరగేస్తుంటే పుష్పలతకు తుమ్ములు అందుకున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కల్లమంతా చేతులాపి ఆమెనే చూసింది.

"ఏమైందే?" అన్నది రామక్క.

పుష్పలత చీర తడిమి చూసుకుంది. "ఏం కాలే అక్కా!"

ఆ సంతోషంలో రామక్క తొలి ఏరుడు నాటి జోకు మళ్లీ చెప్పింది. అది అప్పుడూ బాగాలేదు, ఇప్పుడూ బాగాలేదు. అయినా పుష్పలత కడుపారా నవ్వింది. చేను అవతలి గట్టు మీద నిలబడ్డ బసవపున్నయ్య ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.