మొమోసే ఎడమచేయి

సువా సరస్సు ఒడ్డున ఉన్న ఇవానామి లెన్సుల కార్ఖానాలో మొమోసే కియోజి సరేనంటేనే సరే. పరీక్ష గదికి ఆయన పెద్ద. అరవై దాటాయి, కోపం మాత్రం పాతికేళ్ళవాడిది. ఆయన కాదన్న లెన్సును యజమాని కూడా బయటికి పంపలేడని అక్కడ ఊడ్చేవాళ్ళకు సైతం తెలుసు.

ఆ కార్ఖానా నలభై ఏళ్ళుగా అరగదీసిన గాజంతా పరాయి పేర్లతోనే లోకంలోకి వెళ్ళింది. పని వీళ్ళది, పేరు పెద్ద కంపెనీలది. ఊళ్ళో పెళ్ళికి ఫొటోగ్రాఫరు వస్తే, అతని మెడలో వేలాడే లెన్సును చూసి "అది మన చేతిదే" అని పక్కవాడి చెవిలో చెప్పుకుని మురిసిపోవడమే వీళ్ళకు దక్కిన గొప్ప. ఇన్నాళ్ళకు ఆ కరువు తీరబోతోంది. మనుషుల ముఖాలు తీయడానికని సొంతంగా ఒక లెన్సు తయారుచేశారు. దాన్ని రూపొందించిన మియాసాకా రిన్‌కి ఇంకా ముప్పై నిండలేదు. బిగించింది కూర్పు విభాగం పెద్ద ఫుజిమోరి సెత్సు. దానిమీద మొట్టమొదటిసారి 'ఇవానామి' అని చెక్కాలి. ఇది నిలబడకపోతే ఇక జన్మలో సొంత పేరు ఊసెత్తనని ముసలి యజమాని ఇవానామి గారు అందరి ముందూ చెప్పేశారు.

పెద్ద కంపెనీ లెన్సును పక్కన పెట్టి పోల్చి చూశారు. మొదట పదును. సన్నగీతల బోర్డును రెండింటితోనూ తీస్తే, పెద్ద కంపెనీ గీతలు మూలల్లో కాస్త అలుక్కుపోయాయి. వీళ్ళవి దువ్వెన పళ్ళలా విడివిడిగా నిలబడ్డాయి. తర్వాత ఆటో ఫోకస్. ఒక బొమ్మ తలను బల్లమీద పెట్టి, దాని కంటికి గురిపెట్టి తీశాడు మొమోసే. రెండు లెన్సులూ ప్రతిసారీ కంటిమీదే నిలిచాయి.

"పదునులో మనదే పైచేయి. ఫోకస్‌లో సమానం. చెక్కించండి," అన్నాడు మొమోసే.

రిన్ ఆనందం పట్టలేక భోరుమంది. ఇవానామి గారు స్వయంగా టీ పోసి అందరికీ అందించారు. చెర్రీలు పూసేలోపు లెన్సు దుకాణాల్లో ఉంటుందని ఆ పూటే నలుగురికీ చాటేశారు. మొమోసే ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. అంత సంతోషం ఆయనకు ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. కొత్త లెన్సు ఏదైనా ఒక ఆదివారం ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి రావాలి. బోర్డు మీది గీతలు పరుగెత్తవు, పిల్లలు పరుగెత్తుతారు. ఈసారి లెన్సు సెత్సు ఇంటికి వెళ్ళింది. సోమవారం పది గంటల టీ వేళకు సెత్సు ఊరవేసిన ఆకుకూర గిన్నెతో పాటు ఫొటోలు కూడా తెచ్చింది. గిన్నె అందరి ముందూ పెట్టింది. ఫొటోలు మాత్రం మొమోసేను పరీక్ష గదిలోకి తీసుకెళ్ళి చూపించింది.

"చూడవయ్యా. మనవరాలి చెవులు అద్దంలా ఉన్నాయి, కళ్ళేమో మసక. ఒకటి కాదు, చాలా ఉన్నాయి."

ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో, ఒకే బల్లమీద కూర్చున్నవాళ్ళు. మర్యాదలు వాళ్ళ మధ్య ఎప్పుడో అరిగిపోయాయి.

"నీ చెయ్యి వణికుంటుంది. వయసు మీద పడింది కదా," అన్నాడు మొమోసే.

"నీకంటే నేను రెండు నెలలు చిన్న. కాకిపిల్ల కాకికి ముద్దని మన లెన్సు మనకి బంగారమే, కాదన్లేదు. అలాగని గుడ్డిదాన్ని చూసి మెల్లకన్నని సరిపెట్టుకుంటామా? ఏదీ, తియ్యి నన్ను. ఇక్కడే."

తీశాడు. కన్ను ముల్లులా పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ కంటిమీదే. "ఇప్పుడేమంటావ్?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. సెత్సు కెమెరా లాక్కుని ఆయన్ను తీసింది. ఒకటి పడింది, రెండోది చెవిమీదికి పోయింది. అదే గది, అదే వెలుతురు, అంతే దూరం.

సెత్సు కెమెరాను తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "ఇంకోటి తియ్యి," అంది. ఈసారి ఆమె కెమెరా వైపు కాక ఆయన చేతుల వైపు చూసింది.

"ఆగాగు. నీ ఎడంచెయ్యేంటి, అలా తిరుగుతోంది?"

"ఎక్కడ?"

"రింగు మీద! మీట నొక్కేలోపే తిప్పేస్తున్నావు కదయ్యా!"

మొమోసే తన ఎడమచేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాడు. అది నిజమే. ఆటో ఫోకస్ అనేది లేని రోజుల్లో ఆయన పని నేర్చుకున్నాడు. కెమెరా కంటికి ఆనించగానే ఎడమచేయి తనంతట తనే లెన్సు చుట్టూ ఉండే ఫోకస్ రింగును తిప్పి, దూరాన్ని వెంట్రుకవాసి తేడాలోకి తెచ్చిపెడుతుంది. ఆటోలో ఉన్నా రింగు తిప్పితే కదిలే లెన్సులవి. ముప్పాతిక పని చేయి చేసేస్తే యంత్రానికి మిగిలింది చివరి అంగుళం. ఆ రోజు ఆయన పరీక్షించింది లెన్సును కాదు, తన చేతినే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి కూడా అంతే.

ఎడమచేతిని జేబులో పెట్టుకుని, సెత్సు చేత ప్రతిసారీ రింగును దూరం చివరికి తిప్పించి, రెండు లెన్సులతోనూ మళ్ళీ తీశాడు. పెద్ద కంపెనీది ఎప్పుడో గానీ తప్పలేదు. వీళ్ళది పదింటికి మూడు తప్పింది. మొమోసే స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనెవరికీ చెప్పన్లే," అంది సెత్సు మెల్లగా. "కానీ కొనుక్కున్నవాళ్ళు ఊరుకుంటారా?"

ఆయన లేచి నేరుగా యజమాని గదికి వెళ్ళాడు. జరిగింది చెప్పి, నడుము వంచి తల దించుకుని నిలబడ్డాడు.

ఇవానామి గారికి మింగలేక కక్కలేక అయింది. "నలుగురికీ చెప్పేశానయ్యా. పదింటికి ఏడు పడుతున్నాయి కదా. ముందు విడుదల చేద్దాం, తర్వాత సరిచేద్దాం. లోకమంతా అదే చేస్తోంది."

మొమోసే తలెత్తాడు.

"నలభై ఏళ్ళు ఎవరెవరి పేర్లతోనో పంపాం, యజమాని గారూ. ఒక్కటైనా తప్పుది పంపామా? పరాయి పేరుకే మచ్చ రానివ్వలేదే, మన పేరు దగ్గరికొచ్చేసరికి మచ్చతో మొదలుపెడదామా? పంపాలనుకుంటే పంపండి. నేను మాత్రం సరేననను."

ఇవానామి గారు తలుపు వైపు చెయ్యి చూపించి, "రిన్‌ను పిలు," అన్నారు.

రిన్ ఏడవలేదు. ఏడుస్తుందని భయపడ్డ మొమోసేకి అది ఆశ్చర్యం. "లోపల కదిలే గాజు బరువెక్కువైంది. దూరం నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆగాల్సిన చోట ఆగట్లేదు," అంది. "నాకు లోలోపల అనుమానంగానే ఉందండీ. కానీ మీరు సరేనన్నాక ఇంకెవరంటారు?" ఆ మాట మొమోసేకి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

చెర్రీలు పూశాయి, రాలాయి. విడుదల ఆగిపోయిందని ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ బరువైన గాజును తీసేసి, రెండు పల్చటి గాజుల్ని పెట్టింది రిన్. అంత పల్చటివాటిని పగలకుండా, పదును తగ్గకుండా అరగదీయడానికి వేసవంతా పట్టింది. ఆకులు ఎర్రబడుతుండగా మళ్ళీ పోల్చి చూసే రోజు వచ్చింది.

మొమోసే కెమెరా ముట్టనన్నాడు. "నా చెయ్యి దొంగది. సెత్సు తీస్తుంది. బొమ్మ తల కూడా వద్దు. నేను కూర్చుంటా, ఈ కళ్ళద్దాలతోనే."

కార్ఖానా వాకిట్లో, గుమ్మం నీడలో కూర్చున్నాడు. ఎదురుగా, ఎండలో, సెత్సు వెనకాల కార్ఖానా మొత్తం గుమిగూడింది. సెత్సు ప్రతిసారీ రింగును చివరికి తిప్పి తీసింది. పెద్ద కంపెనీ లెన్సు ఈసారి రెండుమూడు సార్లు ఆయన కళ్ళద్దాల అంచు దగ్గర ఆగిపోయింది. వీళ్ళది అంచు దాటి, అద్దం దాటి, తీసిన ప్రతిసారీ కంటిమీదే నిలిచింది.

రిన్ ఆ కంటిని తెరమీద పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నల్లగుడ్డు మీద చిన్న చిన్న ఆకారాలు కనబడ్డాయి.

"అదుగో, నా బట్టతల!" అని అరిచారు ఇవానామి గారు.

"నా టోపీ!"

"ఆ చివర చెయ్యెత్తింది నేనే!"

గాజు అరగదీసేవాళ్ళు, బిగించేవాళ్ళు, వంటావిడ, ఎవరిని వాళ్ళు పోల్చుకుంటున్నారు. నలభై ఏళ్ళుగా ఏ లెన్సుమీదా కనబడని కార్ఖానా మొత్తం మొమోసే కంట్లో వరసగా నిలబడి ఉంది.

"ఏమంటారు మొమోసే గారూ?" అని అడిగింది రిన్.

"నన్నడుగుతావేం? ఈసారి నా చెయ్యి లేదుగా దాన్లో. వాళ్ళనడుగు."

వాళ్ళనెవరూ అడగక్కర్లేకపోయింది. వాకిలంతా ఒకటే కేక. సెత్సు మాత్రం కెమెరా దించలేదు.

"కదలకు, ఇంకా నాలుగు తీయాలి," అంది. "ముందా కళ్ళు తుడుచుకో. నీళ్ళు నిండితే మేమంతా అలుక్కుపోతాం."